నాలుగో పాటలో అమ్మ

మార్చి 2, ఆదివారం

పాటలో తిట్లు తిన్నవాళ్ళు ఆ పాట విన్నాక ఏం చేస్తారు?

ఇది ఇవాళ పుట్టిన ప్రశ్న కాదు. కాలేజీ రోజుల నుంచి నాతోనే తిరుగుతోంది. ఏడుపు రాక్ పాడే కుర్రాడు గొంతు చించుకుని తనని వదిలేసిన పిల్లని కడిగేస్తుంటాడు. వింటున్న మనకి ఒళ్ళు ఝల్లుమంటుంది. ఆ పిల్ల కూడా ఈ లోకంలోనే ఎక్కడో ఉంటుంది కదా. ఏ టీకొట్టు దగ్గరో ఆ పాట వినపడితే గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్ళిపోతుందా, చివరిదాకా తాగి వెళ్తుందా? ర్యాపర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కన్నతండ్రి గుట్టంతా బీట్ మీద పరిచేస్తారు. ఆ తండ్రి మర్నాడు గడ్డం గీయించుకోవడానికి వెళ్తే మంగలి అతనితో ఏం మాట్లాడతాడు?

ఇన్నాళ్ళూ ఇది ఊసుపోక వేసుకున్న ప్రశ్నే. ఆల్బమ్ అయిపోగానే మర్చిపోయేదాన్ని.

ఇవాళ తమ్ముడు వాడి ఆల్బమ్ పంపాడు. తొమ్మిది పాటలు. ముప్పై ఆరేళ్ళకి మొదటి ఆల్బమ్. పగలంతా లిఫ్టులు బాగుచేస్తూ, వాటి గుంటల్లోకి దిగి గ్రీజు పూసుకునే మనిషి, ఎప్పుడు రాశాడో, ఎప్పుడు పాడాడో. కింద ఒక మెసేజ్: "అక్కా, నెలాఖరుకి పాటల కంపెనీకి పంపాలి. ఈలోగా నీ మాట చెప్పు. నాలుగోది నువ్వు వద్దంటే తీసేస్తా."

నాలుగోదే ఎందుకు?

మార్చి 3

విన్నాను.

మార్చి 5

మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా వినాలి. మధ్యలో ఆపకూడదు, మాట్లాడకూడదు. అయ్యాక ఒక్క మాటలో తీర్పు చెప్పాలి. ఆ మాట "బాగుంది" అయి ఉండకూడదు. "బాగుంది అనేది పెళ్ళిచూపుల్లో అనే మాట, పాటకి పనికిరాదు" అని వాడికి నేనే నేర్పాను. ఇప్పుడు ఆ పద్ధతే నా మెడకి చుట్టుకుంది.

ఎనిమిది పాటలకి ఎనిమిది మాటలు దొరికాయి. మొదటిది లిఫ్టు ఇరుక్కుపోయినప్పుడు లోపల ఉన్న మనుషుల మాటల మీద: చురుకు. రెండోది కాస్త సాగతీత. ఏడోదాంట్లో గిటార్ అనవసరం, వాడి చిన్నప్పటి రాక్ పిచ్చి ఇంకా వదల్లేదు. నాలుగోది అమ్మ మీద.

వాడికి ఆరేళ్ళు, నాకు పద్నాలుగు ఉన్నప్పుడు అమ్మ ఒక మధ్యాహ్నం సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. ఏడాదిన్నర తర్వాత ఒకరోజు వచ్చి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, బియ్యం డబ్బా ఇక్కడి నుంచి ఎవరు మార్చారని అడిగింది. అంతే. ఎక్కడికెళ్ళావు, ఎందుకెళ్ళావు అని ఎవరూ అడగలేదు. నాన్న పోయేదాకా అడగలేదు. మేమిద్దరం ఇప్పటికీ అడగలేదు.

ఆ ఏడాదిన్నరంతా పక్కింటివాళ్ళ టేప్ రికార్డర్ మా ఇంట్లోనే ఉండేది. నేనూ వాడూ దాని ముందు కూర్చుని దొరికిందల్లా వినేవాళ్ళం. ఎంత మోత ఉంటే అంత మంచిది. ఇల్లు ఖాళీగా అనిపించేది కాదు.

నాలుగో పాటలో అదంతా ఉంది. కిటికీ దగ్గర కూర్చోవడం, పక్క తడిపితే నాన్న తిట్టకుండా ఊరుకోవడం, దానికే ఎక్కువ భయం వేయడం. వాడు ఎక్కడా గొంతు పెంచలేదు. ప్రతి చరణం తర్వాత డ్రమ్ము ఆగి, నిజంగా అమ్మ గొంతే, ఇలా అంటుంది:

"నేను రాను."

మళ్ళీ డ్రమ్ము. మళ్ళీ "నేను రాను." చివరికి వరసగా, గోడకి మేకు కొట్టినట్టు.

ఆ ముక్క ఎక్కడిదో నాకు తెలుసు. పోయినేడాది వాడు ఒక చిన్న హాల్లో పాడుతూ అమ్మని రమ్మన్నాడు. అమ్మ ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెడుతుంటే నేను పక్కనే కూరగాయలు తరుగుతున్నాను. "నేను రాను నాన్నా, ఆ మోతకి నా చెవులు మిగలవు. నువ్వు బాగా పాడి రా. ఇటే వచ్చెయ్, అన్నం ఉంచుతా." అదీ మొత్తం మెసేజ్. వాడు అందులోంచి మొదటి రెండు మాటలు కోసి, ముప్పై ఏళ్ళు వెనక్కి తీసుకెళ్ళి అతికించాడు.

కేవలం సంగీతం పరంగా చూస్తే అద్భుతమైన కోత.

మార్చి 6

కేవలం సంగీతం పరంగానే ఆలోచించాలి.

మార్చి 9, ఆదివారం

పాత ఆల్బమ్‌లన్నీ బయటికి తీశాను. తీర్పు చెప్పే ముందు చెవి శుభ్రం చేసుకోవాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

నీలం అట్ట హిప్‌హాప్ ఆల్బమ్: పాడేవాడు తన అన్న చేసిన పాడుపనులన్నీ పూసగుచ్చినట్టు చెప్తాడు. దీన్ని ఎంతమందికి వినిపించానో. "నిజాయితీ అంటే ఇదిరా" అని తమ్ముడికి పదిసార్లు వినిపించింది నేనే. ఇవాళ వింటుంటే ఆ అన్న తరఫు లాయర్‌లా కూర్చున్నాను. ఇది ఎప్పుడు జరిగింది, ఎవరు చూశారు, పూర్తి మాట ఏమిటి? పాట పాడేవాడికి మైకుంది, తిట్లు తినేవాడికి చెవులే ఉన్నాయి.

ఏడుపు రాక్ పాడే ఐదుగురి బ్యాండ్ రెండో ఆల్బమ్: ఇరవై ఏళ్ళప్పుడు ఇది నా గుండెకాయ. ఇప్పుడు వింటే పిల్లాడు దెబ్బ తగిలిన మోకాలు అందరికీ చూపిస్తున్నట్టుంది. కానీ దెబ్బ తగిలిన మాట అబద్ధం కాదు. అదే తిరకాసు.

బొంగురు గొంతు ఆవిడ రాక్ ఆల్బమ్: ఈవిడ ఎవర్నీ తిట్టదు. తనని తాను తిట్టుకుంటుంది. సుఖం.

మార్చి 11

నా ఉద్యోగం చెవి వినపడనివాళ్ళ కోసం టీవీ కార్యక్రమాల కింద మాటలు వేయడం. మాటలొక్కటే అయితే బతుకు హాయి. శబ్దాలు కూడా రాయాలి. తలుపు మూసిన చప్పుడు. దూరంగా కుక్క. ఆవిడ నవ్వింది, సరే, ఎలాంటి నవ్వు? ఒక నవ్వు దగ్గర అరగంట కూర్చుంటానని ఆఫీసులో నాకు పేరుంది.

ఇవాళ భోజనాల వేళ నా ఫోన్‌లోంచి ఏడుపు రాక్ బయటికి వినపడింది. పక్క సీటావిడ డబ్బా మూత తీస్తూ, "ఏమైంది ఆ అబ్బాయికి? ఎక్కడైనా నొప్పా?" అంది.

"మనసులో నొప్పట."

"నా ముగ్గురు పిల్లల్నీ ఒక వారం వాడి దగ్గర వదుల్తాను. మనసుందన్న సంగతే మర్చిపోతాడు."

నవ్వాను. తర్వాత ఊరికే అడిగినట్టు అడిగాను: "మీ పిల్లల్లో ఒకడు రేపు మీ మీదే పాట కట్టి తిడితే?"

ఆవిడ కాసేపు నమిలి, "ట్యూన్ ఎలా ఉంటుంది?" అంది.

మార్చి 14

తమ్ముడు మా ఆఫీసు కిందికి వచ్చాడు. బెల్టుకి పానాలు వేలాడుతూనే ఉన్నాయి. మెట్ల మీద కూర్చుని టీ తాగాం.

"చెప్పవేంటే అక్కా. నువ్వు ఇన్ని రోజులు తీసుకున్నావంటే చెత్తగా ఉన్నట్టేగా."

"చెత్త కాదు."

"మరి?"

"ఆ మాట అమ్మ ఎప్పుడందో నాకు తెలుసురా. నేను పక్కనే ఉన్నాను. అన్నం ఉంచుతానంది నీకు."

వాడు గ్లాసులోకి చూశాడు. "తెలుసు. తిన్నాను కూడా."

"మరి అది అబద్ధం కాదూ?"

"నువ్వే చెప్పావుగా, కోయడం తప్పు కాదని. ఎవడో పాడిన పాటలోంచి చిటికెడు తీసి కొత్త పాట కడితే చప్పట్లు కొట్టావు."

"వాళ్ళెవరూ నా తల్లులు కాదు."

"ఎవడికో ఒకడికి తల్లులేగా."

నేను పెంచిన మొక్కే నన్ను గుచ్చుకుంటే ఎవరికి చెప్పుకోను?

మళ్ళీ వాడే అన్నాడు: "అప్పుడు ఒక్క మాట చెప్పి వెళ్ళుంటే, ఆ మాటే వాడుకునేవాణ్ణి అక్కా. ఏమీ చెప్పలేదుగా. నిద్ర లేచేసరికి లేదు. నా దగ్గర అమ్మ మాట ఒక్కటీ లేదు, ఆ రోజుది. అందుకని ఉన్నదాంట్లోంచి కోసుకున్నా."

టీ చల్లారిపోయింది. "అమ్మకి వినిపించకుండా బయట పెట్టను. కానీ నేను వినిపించలేను, నువ్వే వినిపించాలి" అన్నాడు. ముప్పై ఆరేళ్ళ మనిషి. పానాలు గలగలలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

మార్చి 15

వినిపించలేదు.

మార్చి 16, ఆదివారం

వినిపించలేదు. అమ్మకి మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. నొప్పి తగ్గాక.

మార్చి 20

మోకాళ్ళు తగ్గాయి. బొంగురు గొంతు ఆవిడ ఆల్బమ్ మళ్ళీ విన్నాను. రెండో సగం తేలిపోయింది. ఇన్నాళ్ళూ ఎలా గమనించలేదో.

మార్చి 23, ఆదివారం

అమ్మే అడిగింది. ఉతికిన బట్టలు మంచం మీద పోసుకుని మడతపెడుతూ, "చిన్నోడు ఏదో చేశాడటగా. అందరికీ వినిపిస్తాడు, నాకెందుకు వినిపించడు?" అంది.

"నీకు మోత పడదుగా."

"పడకపోతే నేను చెప్తాను. నువ్వెవరు ముందే చెప్పడానికి? పెట్టు."

హెడ్‌ఫోన్స్ ఇస్తే తోసేసింది. "ఊళ్ళోవాళ్ళందరూ వినేది నేనొక్కదాన్నే దొంగతనంగా వినడమేంటి? బయటికే పెట్టు."

మొదటి నుంచే పెట్టాను. లిఫ్టు పాటకి తల ఊపింది. "అంత గబగబా చెప్తే గుటక వేసేదెప్పుడురా" అని వాడు ఎదురుగా ఉన్నట్టు కసిరింది. రెండోదానికి ఆవులించింది. మూడోది నడుస్తుండగా తువ్వాళ్ళు అయిపోయాయి. నాలుగోది మొదలైంది.

మొదటి "నేను రాను"కి అమ్మ నావైపు చూసింది. రెండోదానికి దిండుగలేబు మీద చెయ్యి ఆగింది. తర్వాత మళ్ళీ మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. కిటికీ సంగతి వచ్చింది. పక్క తడిపిన సంగతి వచ్చింది. నేను మా పద్ధతి ప్రకారం మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికి ఒక పద్ధతి ఉండటం ఎంత మేలో.

ఐదోది మొదలవగానే అమ్మ అంది: "ఆపు."

ఆపాను.

"అది నేనేగా?"

"నువ్వే."

"ఆ మాట నేనెప్పుడన్నాను?"

చెప్పాను. హాలు, వాయిస్ మెసేజ్.

"అదా!" అంది. నవ్వొచ్చినట్టుంది కానీ బయటికి రాలేదు. "మరి అన్నం ఉంచుతానన్నది?"

"కోసేశాడు."

"అది కోసి ఇది ఉంచుకున్నాడన్నమాట." దిండుగలేబు పక్కన పెట్టింది. "ఆ రోజు తిన్నాడా, లేదా?"

"తిన్నాడే. మారు వడ్డించుకుని మరీ తిన్నాడు."

"ఊఁ."

చాలాసేపు దుప్పటి అంచులు కలుపుతూ కూర్చుంది. నేను ఒక అంచు పట్టుకున్నాను. అప్పుడు అంది, నాతో కాదు, దుప్పటితో అన్నట్టు: "నిద్రపోతున్నాడు. చెప్తే వెళ్ళలేకపోయేదాన్ని."

ముప్పై ఏళ్ళలో ఆ సంగతి మీద అమ్మ అన్న మాటలు ఇవే. నేను అప్పుడే అడగాల్సింది. ఎక్కడికి? ఎందుకు? మళ్ళీ ఎందుకొచ్చావు? నోటిదాకా వచ్చింది. దుప్పటి మడత అయిపోయింది, అమ్మ లేచింది.

గుమ్మం దగ్గర ఆగి, "వాడు రికార్డు చేసే చోటికి నన్నొకసారి తీసుకెళ్ళు" అంది. "అది నా గొంతు కాదు. ఆ రోజు ముక్కు దిబ్బడ. ఎలాగూ పెడుతున్నాడు కదా, సరిగ్గా చెప్తాను."

మార్చి 24

తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. అవతల లిఫ్టు మోటారు ఆగిన చప్పుడు. "తిట్టిందా?" అన్నాడు.

"లేదు."

"తిట్టుంటే బాగుండేది."

మార్చి 27

సాయంత్రం రికార్డింగ్ గదికి వెళ్ళాం. ఒక బట్టల షాపు పైన చిన్న గది, మధ్యలో ఒక అద్దం అడ్డు, చప్పుడు బయటికి పోకుండా గోడలకి పాత పరుపులు కొట్టి ఉన్నాయి. మిక్సింగ్ చేసే ఆయన్ని అందరూ బాబాయి అంటారు. అమ్మకంటే చిన్నవాడు. అమ్మ కూడా "నమస్కారం బాబాయ్" అనేసింది. ఆయన సిగ్గుపడ్డాడు.

తమ్ముడు అమ్మ కళ్ళలోకి చూడలేదు. "వద్దులే అమ్మా. ఆ పాటే తీసేస్తాను."

"తీసెయ్యమని నేనన్నానా?"

"నువ్వు అనకపోయినా..."

"నా మాట నా నోటితో చెప్తానంటుంటే నీకేంట్రా? నువ్వు కోసుకుంటే ఒప్పు, నేనిస్తే తప్పా?"

బాబాయి దగ్గి, మైకు ఎత్తు సరిచేశాడు. "అమ్మా, దీనికి జానెడు దూరంలో ఉండండి. గాజులు తీసేస్తే మంచిది, చప్పుడొస్తుంది."

అమ్మ గాజులు తీసి నా చేతిలో పెట్టింది. మైకుని పై నుంచి కింది దాకా చూసింది. "ఎవరితో చెప్తున్నట్టు చెప్పాలి?"

మేం ముగ్గురం అప్పటికే అద్దం ఇవతలికి వచ్చేశాం. తమ్ముడే చివరికి, "నాతో" అన్నాడు.

"అయితే అద్దం అవతల నుంచుంటే ఎలా? ఇటు రా."

లోపలికి వెళ్ళాడు. నిలబడితే అమ్మ తల పైకెత్తి చూడాల్సి వస్తోంది. "కూర్చో" అంది. అక్కడున్న పొట్టి స్టూలు మీద కూర్చున్నాడు. బాబాయి చెయ్యి ఊపాడు. నేను అద్దం ఇవతల, గాజులు గట్టిగా పట్టుకుని, చప్పుడు రాకుండా.

అమ్మ వాణ్ణి చూసింది. తర్వాత చెప్పింది.

"నేను..."

మధ్యలో ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. బాబాయి కళ్ళు మీటర్ మీద ఉన్నాయి. ముల్లు కింద పడిపోయి ఉంది.

"...రాను."

గుసగుస కాదు, గట్టిగా కూడా కాదు. జలుబు లేదు. నాకు రోజూ వినపడే గొంతు, కానీ అలా ఎప్పుడూ వినలేదు.

"బ్రహ్మాండం" అన్నాడు బాబాయి మైకులోంచి. "సేఫ్టీకి ఇంకొక్కసారి అమ్మా."

"ఒక్కసారే. మళ్ళీ అనలేను."

తమ్ముడు వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. అది కట్టే ఉంది. అమ్మ వాడి నెత్తి మీద చెయ్యి వేసి, వేసినట్టే తీసేసి, "పద, ఆకలేస్తోంది" అంది.

మార్చి 29

రెండు పాటలూ నా ఫోన్‌లో ఉన్నాయి. కోసిన మాటతో ఒకటి, అమ్మ ఇచ్చిన మాటతో ఒకటి. "ఏది పంపాలో నువ్వే చెప్పు, నాకు చెవులు పని చెయ్యట్లేదు" అన్నాడు తమ్ముడు.

కేవలం సంగీతం పరంగా:

కోసింది బీట్ మీద సరిగ్గా పడుతుంది. ముక్కు దిబ్బడ వల్ల ఆ గొంతులో ఒక మొద్దుతనం ఉంది, అందుకే రాయిలా తగులుతుంది. వాడి చరణాలకి ఎదురుగా ఒక గోడ నిలబడినట్టు ఉంటుంది. ఆ గోడకేసి వాడు తల కొట్టుకుంటుంటే మన తల పగులుతుంది.

ఇచ్చింది బీట్‌కి అందదు. ఆ మధ్య ఖాళీ వల్ల "రాను" డ్రమ్ము మళ్ళీ మొదలయ్యాక వస్తుంది. జరిపి సరిగ్గా కూర్చోబెడతానని బాబాయి అంటే తమ్ముడు ఒప్పుకోలేదట. అది వచ్చిన ప్రతిసారీ పాట తడబడుతుంది. తర్వాతి చరణంలో వాడి కోపం, ఎదురుగా కూర్చున్న ముసలావిడ మీద అరిచినట్టు చిన్నబోతుంది. అదే వాడి పాటని పాడుచేస్తోందా? అదే పాటా?

ఆఫీసులో ఆ రెండు ముక్కలకీ కింద వేయాల్సిన మాట రాసి చూశాను. మొదటిదానికి వెంటనే వచ్చింది: కఠినంగా. రెండోదానికి సాయంత్రం దాకా ఏమీ రాలేదు.

మార్చి 30, ఆదివారం

మొదటిదే మేలు.

కాదు, రెండోది.

అమ్మని అడిగాను, నీకేది నచ్చిందని. "రెండూ నేనేగా" అంది. వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసింది.

మార్చి 31

మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "అక్కా, సాయంత్రంలోగా పంపెయ్యాలి. ఏది?"

"తెలీదురా."

"నీకా?" నమ్మలేనట్టు నవ్వాడు. "ఇన్నేళ్ళలో నీ నోట ఈ మాట మొదటిసారి వింటున్నా. ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఆల్బమ్‌లకి నిమిషంలో తీర్పు చెప్తావు."

"ముక్కూ మొహం తెలియదు కాబట్టే."

లిఫ్టు తలుపులు మూసుకున్న చప్పుడు. తర్వాత, "రెండోదే పంపేస్తా అక్కా" అన్నాడు. "పాటకి మంచిదో కాదో నాకూ తెలీదు. ఇన్నాళ్ళకి ఇచ్చింది. ఎలా వెనక్కిస్తాను?"

"సరే."

"సరే అంటే బాగుందనా?"

"సరే అంటే సరే అని. పంపు."

పంపాడు.

ఏప్రిల్ 2

వాడికి ఆ సంగతి తేలిపోయింది. అమ్మకీ తేలిపోయినట్టే ఉంది. నిన్న పొద్దున వాడు వచ్చి తిని వెళ్ళాడు, అమ్మ వాడి కాలరు బాగుచేసింది. ఇద్దరూ ఆ పాట మాట ఎత్తలేదు. ఎత్తక్కర్లేనట్టు ఉన్నారు.

నేను మాత్రం బస్సులో పంపని పాటే వింటున్నాను. వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ. అమ్మ మంచిదాన్ని ఇచ్చిందని, వాడు మంచిదాన్ని ఎంచుకున్నాడని తెలుసు. వేలు మాత్రం కోసినదాని మీదికే పోతుంది. ఆ మొద్దు గొంతు మేకులా దిగుతుంటే నాకు లోపలెక్కడో హాయిగా ఉంది. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను.

ఆ మధ్యాహ్నం వాడు నిద్రపోతున్నాడు. నేను బడిలో ఉన్నాను. నాకూ చెప్పలేదు. మొన్న పరుపులు కొట్టిన గదిలో ఎవరితో చెప్పాలని అమ్మ అడిగితే వాడు "నాతో" అన్నాడు. నేను అద్దం ఇవతల ఉన్నాను. నా చేతిలో గాజులున్నాయి.

ఇంతకాలం నా చెవి మీద నాకు నమ్మకం. ఏది మంచి పాటో అది చెప్తుంది, నేను రాసుకుంటాను, అంతే అనుకున్నాను. ఇప్పుడు ఆ చెవి కోసిన మాటతో ఉన్న పాటే గొప్పది అంటోంది. అది నిజంగా గొప్ప పాట కాబట్టి అంటోందా, లేక అందులో అమ్మకి శిక్ష పడుతోంది కాబట్టా? ఎన్నిసార్లు విన్నా ఇది తేల్చుకోలేకపోతున్నాను.